మోరీ ఉన్న బండి

కాక పోయాడన్న కబురు నాకు ఫాక్‌లాండ్ రోడ్డు మీద అందింది. రవికెలకు హుక్కులు కొనడానికి పోయి దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మా వరసలోనే నాలుగో ఖోలీలో, అంటే గదిలో, ఉండే టాక్సీ బావ బండి పక్కకు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎక్కు, ఇంటికి పోదాం. కాక లేస్తలేడు" అన్నాడు. హుక్కుల పొట్లం చేతిలో పట్టుకునే ఎక్కాను. మధ్యాహ్నం మూడయి ఉంటుంది. మా గల్లీ చివర ఎప్పుడూ నిలబడి ఉండే కాక పికప్ బండి వెనక తలుపు బార్లా తీసి ఉంది. లోపల మడత బల్ల మీద, తల కింద చెయ్యి పెట్టుకుని, రోజూ అన్నం తిన్నాక నడుం వాల్చినట్టే పడుకుని ఉన్నాడు. చిన్నమ్మ కాళ్ల దగ్గర కూచుని పాత క్యాలెండర్ అట్టతో విసురుతూ ఉంది. 

నాకు ఆ పూట ఏడుపు రాలేదు. తర్వాత కూడా పెద్దగా రాలేదు. కొందరికి కన్నీళ్లు దగ్గర, నాకు మాట దగ్గర. చాల్‌లో, వరసగా ఖోలీలున్న మా పాత బిల్డింగులో, అందరూ నా నోటికి జడుస్తారు. మా సంఘం వాళ్లు ఈ ఏటి పుస్తకంలో కాక గురించి నాలుగు ముక్కలు రాయమని నన్నే ఎందుకడిగారంటే, మునిసిపాలిటీ తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివి, ఆ చదివింది ఇంకా మరిచిపోనిదాన్ని మా చాల్‌లో నేనొక్కదాన్నే మిగిలాను. సరే, రాస్తున్నాను. మహానుభావుడు, పుణ్యమూర్తి అని రాశానా, కాక లేచొచ్చి పెన్ను గుంజుకుంటాడు. ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. అంతే.

మాకూ ఆయనకూ రక్తసంబంధం ఏమీ లేదు. మా నాయనదీ ఆయనదీ పాలమూరు జిల్లాలో పక్కపక్క ఊళ్లు. ఒకే గుంపులో బొంబాయి వచ్చారు, ఒకే మేస్త్రీ కింద పని నేర్చుకున్నారు, కామాఠిపురాలో ఒకే చాల్‌లో గోడకు అటొకరు ఇటొకరు ఖోలీలు పట్టారు. అది గోడ అనుకోవాలి గానీ ఉత్త చెక్క. అవతల కాక తుమ్మితే ఇవతల మా అమ్మ "నూరేండ్లు బతుకు" అనేది. నూరేమీ బతకలేదు, డెబ్బై దాటాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన కాక, ఆయన భార్య చిన్నమ్మ.

స్లాబు పోసే ముందు కింద చెక్కలతో అచ్చు కట్టేవాడిని సెంట్రింగ్ మేస్త్రీ అంటారు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ చెక్కలు ఊడదీసి పై అంతస్తుకు మోసుకుపోతారు. కాక ఆ చెక్కలు మోయడానికే ఒక పాత పికప్ బండి కొన్నాడు. ఆ తర్వాత అల్యూమినియం అచ్చులొచ్చాయి, చెక్కపని తగ్గింది, ఆయన మోకాళ్లు కూడా అరిగాయి. చివరికి ఆయన దగ్గర మిగిలింది ఆ బండి, ఓ ఇరవై ప్లైవుడ్ పలకలు, ఒక పెట్టెడు పనిముట్లు. ఏ పలక ఏ బిల్డింగులో పని చేసిందో ఆయనకు గుర్తుండేది. "గిది వర్లీల పన్నెండో అంతస్తుది. గా మరక జూడు, స్లాబు పోసిననాడు వాన గొట్టింది" అనేవాడు. పెళ్లికి పోయినా చెవి మీద పెన్సిల్ తీసేవాడు కాదు. పని చేసేటప్పుడు పక్కన ఎవరన్నా ముచ్చట మొదలుపెడితే, "మేకు కొట్టెటోని పక్కకు ముచ్చట వెట్టొద్దు, వేలు వోతది" అని సుత్తి కింద పెట్టి కూచునేవాడు. మేం లేచి పక్కకు పోయేదాకా అట్లాగే కూచునేవాడు.

పదడుగులకు పన్నెండడుగుల ఖోలీలో ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్లి చేశాడు. ఆ ఖోలీ చూడడానికి వేరే చాళ్ల నుంచి జనం వచ్చేవాళ్లు. మంచం గోడకు మడిచిపెట్టేది, దాని వెనక అద్దం, అద్దం వెనక మందుల అర. అటక మీద అటక. కత్తిపీటకు ఒక కొక్కెం, గొడుగుకు ఒక కొక్కెం, ఆఖరికి అట్లకాడకు కూడా తాడు కట్టి ఒక కొక్కెం. "జాగా ఉండదు బిడ్డా, జేసుకోవాలె" అనేవాడు. ఒక మూల జానెడు గట్టు కట్టి, కింద నీళ్లు పోయే తూము పెట్టి చేసుకున్న చోటే మోరీ. అంట్లు తోమినా, బట్టలు పిండినా, స్నానం చేసినా అందులోనే. అందరి ఖోలీల్లోనూ మోరీ ఉంటుంది. కాక మోరీలో మాత్రం సబ్బుకు కూడా మూత ఉన్న గూడు ఉండేది.

లేనిది దొడ్డి, అంటే పాయిఖానా. అది గ్యాలరీ చివర, ఇరవై రెండు ఖోలీలకు కలిపి నాలుగు. అక్కడ వరసలో మనిషి నిలబడడు, డబ్బా నిలబడుతుంది. పొద్దున లేచి ఎవరి రేకు డబ్బా వాళ్లు వరసలో పెట్టి పనిలో పడతారు. వంతు వచ్చేసరికి వచ్చి అందుకుంటారు. ఇంకొకరి డబ్బాను కదపడం మా చాల్‌లో చెయ్యి చేసుకోవడం కన్నా పెద్ద తప్పు. ఎంత పగ ఉన్నా ఎవరూ ఆ పని చేయరు. కాకది ఆకుపచ్చ రంగు వేసిన డబ్బా. అది రోజులో ఏడెనిమిది సార్లు వరసలో కనబడేది. వంతు వచ్చాక పెద్ద దొరలాగా "నువ్వు వో, నాది ఎన్కకు" అని చిన్నమ్మను ముందు పంపి తను బయట బీడీ కాల్చేవాడు. పెళ్లానికి దొడ్డిలో కూడా వంతు ఇచ్చే మొగుడని మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చిన్నమ్మకు ఊళ్లో ఒక్కతే అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అక్కే చంకనేసుకుని పెంచింది. మూడేళ్ల కిందట ఆమె మంచాన పడింది. "చెల్లెను ఒక్కపారి జూపియ్యిండ్రి" అని రోజూ ఫోను చేయించేది. మా వాళ్లందరం ఊరికి బస్సులోనే పోతాం; ఇక్కడ గల్లీలో ఎక్కితే అక్కడ ఊరి కమాను దగ్గర దిగవచ్చు. రైలెక్కినా అది సగం దూరమే, ఆ పైన బస్సులూ ఆటోలూ మారుతూ ఒక పూట పడుతుంది. చిన్నమ్మ మాత్రం బస్సంటేనే తల అడ్డంగా ఊపేది. "నాకు బస్సు పడదు, కడుపుల తిప్పుతది" అనేది. అప్పటికి తొమ్మిదేళ్లుగా ఊరి ముఖం చూడలేదు. అక్కాచెల్లెళ్లకు ఏదో చెడిందని చాల్ అంతా అనుకున్నాం. ఒకరోజు గ్యాలరీలో తల దువ్వుకుంటూ నేను ఆమె మొఖం మీదే అన్నాను: "సొంత అక్క సావు బతుకుల ఉంటె పోనోళ్లను నేను యాడ జూడలే చిన్నమ్మా." ఆమె నా దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి ఉండ చుట్టి బయట పారేసి లోపలికి పోయింది.

ఆ మర్నాడో ఆ తర్వాతో కాక పికప్ బండి దగ్గర పని మొదలుపెట్టాడు.

ముందు కింద గట్టి పలకలు పరిచాడు, అవే వర్లీవి. పక్కలకు సన్న పలకలు, పైన ఇనుప కమ్మీలు వంచి, వాన ఆపే తాడిపత్రి గుడ్డ కప్పాడు. బయటి నుంచి చూస్తే సామాన్ల బండే. లోపల ఒక పక్క మడత బల్ల, దాని కింద మూడు అరలు, పైన దుప్పట్లు పెట్టుకోను చిన్న అటక. కిటికీకి దోమతెర. పొయ్యికి ఇనుప పెట్టె. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను. నీళ్లకు తాడిపత్రి పైన, కమ్మీలకు కట్టి ఒక నీలం పీపా, దాని నుంచి లోపలికి పైపు, పైపుకు ఇత్తడి నల్లా. ఆరు వారాలు పట్టింది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, చూసి సలహా చెప్పేవాళ్లు. ఖోలీలో ఏ వస్తువు ఎక్కడ ఉందో బండిలోనూ అక్కడే పెట్టాడు. చీకట్లో చెయ్యి చాపితే చిన్నమ్మకు అందాలట.

వెనక మూలన రెండున్నర అడుగుల చదరంలో అల్యూమినియం రేకు పరిచి, గట్టు కట్టి మోరీ చేశాడు. అంతవరకు బాగానే ఉంది. అందులో నడుమ కోసి తొర్ర పెట్టిన ప్లాస్టిక్ కుర్చీ బిగించి, దాని కింద మూత ఉన్న క్యాన్ పెట్టేసరికి గల్లీ అంతా నవ్వింది.

"గిదేంది కాకా?" అన్నాడు టాక్సీ బావ.

"నాకు చక్కెర గదరా. గంటకోపారి పోవాలె. రోడ్డు మీద యాడ కూసుంట?"

"మొగోనివి, ఒక చెట్టు సాలదా?"

"నాకు సిగ్గురా."

ఇక చూడాలి. ఆ రోజు నుంచి ఆయన పేరు మోరీ కాక. చిన్నపిల్లలు కూడా అట్లాగే పిలిచేవాళ్లు. అట్లా పిలిచినా ఆయన పలికేవాడు. మా ఆయన లాంటి నోరులేని మనిషి కూడా "మోరీ కాక ఉన్నడా?" అని అడిగేవాడంటే మీరే అనుకోండి.

తెరలు కుట్టమని నా దగ్గరికే వచ్చాడు. నాకు కుట్టుమిషనే బతుకు. దాదర్ పోయి తనే గుడ్డ తెచ్చాడు, కుర్చీలకు వేసే రకం, ముదురు నీలం. మూడు తెరలు. రెండు కిటికీలకు మామూలుగానే చాలన్నాడు. మోరీకి మాత్రం రెండు పొరలు, కిందికంటా, గాలికి లేవకుండా అంచులో ఇనుప గొలుసు, లోపలి నుంచి కట్టుకోను మూడు చోట్ల నాడాలు. రెండుసార్లు విప్పించి మళ్లీ కుట్టించాడు. నాకు ఒళ్లు మండింది. "ఇంత సిగ్గున్న మొగోన్ని నేనెన్నడు జూడలే కాకా. వచ్చే జన్మల ఆడిదానివై పుట్టు" అన్నాను. నవ్వాడు. "పుడత తియ్యి. కుట్టు మాత్రం గట్టిగెయ్యి" అన్నాడు.

బండి తయారయ్యాక ఒక ఆదివారం పొద్దున గ్రాంట్ రోడ్డు దాకా పోయి చూసి వద్దామని బయల్దేరాడు. ఇక్కడ ఆయన చేసిన తప్పు చెప్పాలి, ఎందుకంటే అది మా చాళ్ల మనుషులే చేయగలిగిన తప్పు. మా ఖోలీల్లో తలుపు తీయగానే ఎదురుగా స్టీలు గిన్నెల అర ఉంటుంది. పెద్ద బిందె నుంచి చిన్న గ్లాసు దాకా వరసగా, తళతళలాడుతూ. అది లేకపోతే సంసారం లేనట్టే. కాక బండిలో కూడా అచ్చం అట్లాంటి అర కొట్టి, చిన్నమ్మ గిన్నెలన్నీ వరసగా పేర్చాడు. గల్లీ దాటి ఫాక్‌లాండ్ రోడ్డు మీద మొదటి గతుకు ఎక్కీ ఎక్కగానే బిందె మొదలుకొని గ్లాసు దాకా అన్నీ ఒక్కసారి కింద పడ్డాయి. ఆ చప్పుడుకు దుకాణాల వాళ్లు షట్టర్లు ఎత్తి బయటికొచ్చారు. ఒక ఇత్తడి మరచెంబు వెనక తలుపు సందులోంచి దొర్లి రోడ్డు దాటి అటువైపు పోయింది. కాక బండి ఆపి, దిగి, చెంబు తెచ్చుకుని, అందరి ముందూ నిజాయితీగా ఒప్పుకున్నాడు: "ఇల్లు కదులుతదని యాది మర్సిన."

ఆ వారంలోనే పాత సామాన్ల బజారుకు పోయి, విరగ్గొట్టిన ఓడ నుంచి వచ్చిన అరలు వెతికి తెచ్చాడు. ప్రతి అర ముందూ ఒక ఇత్తడి అడ్డకమ్మీ, సముద్రం ఊగినా గ్లాసు పడదట. గిన్నెలు మళ్లీ ఎక్కాయి. వాటిని వదిలేసి పోదామని ఆయనా అనలేదు, ఆమె కూడా అనలేదు.

ప్రయాణంలో చిన్నమ్మకు తోడు ఆడమనిషి ఉండాలని నన్ను రమ్మన్నాడు. మా అమ్మగారి ఊరు పక్కనే కనక ఒప్పుకున్నాను. తెల్లవారుతూనే బయల్దేరాం. ఆయన తోలుతున్నాడు, మేమిద్దరం వెనక. ఘాటు రోడ్డు ఎక్కాక మొదటిసారి ఆపాడు. చిన్నమ్మ లేచి నీలం తెర వెనక్కి పోయి నాడాలు కట్టుకుంది. కాక దిగి రోడ్డు వారగా పొదల్లోకి పోయాడు. పుణే దాటాక రెండోసారి అంతే. మూడోసారి నేను ముందుకు పోయి అడిగాను: "మోరీ నీ కొరకే గద కాకా? ఎండల పొదలకెందుకు వోతున్నవ్?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ, "గాలికి వోయిన" అన్నాడు.

నా బుర్ర మందం. అయినా అప్పటికి ఎక్కింది. రోజుకు ఎనిమిది సార్లు వరసలో నిలబడిన ఆకుపచ్చ డబ్బా గుర్తొచ్చింది. రెండు పొరల తెర గుర్తొచ్చింది. నేను అన్న మాటలు అన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి. వెనక్కొచ్చి కూచున్నాను. నాకు సిగ్గేసింది. నేను సిగ్గుపడడం తక్కువ కాబట్టి ఆ రోజు బాగా గుర్తుంది.

సోలాపూర్ దగ్గర పోలీసు ఆపాడు. కర్ర తాడిపత్రికి తగిలించి, మరాఠీలో లోపలేముందని అడిగాడు.

"ఘర్ ఆహే సాహెబ్" అన్నాడు కాక. ఇల్లుంది అని.

పోలీసు వెనక తలుపు తీయించాడు. గిన్నెల అర చూశాడు, ఫ్యాను చూశాడు, నన్ను చూశాడు. మూలన తెర లోపలి నుంచి కట్టేసి ఉంది. దాని వెనక ఏముందో చూపించమన్నాడు. కాక అడ్డం నిలబడ్డాడు. నేను పుట్టి పెరిగిన ఇన్నేళ్లలో ఆయన గొంతు లేపగా విన్నది ఆ ఒక్కసారే. "తెర ముట్టొద్దు! నన్నేమన్న జెయ్యి, తెర ముట్టొద్దు!" తెలుగులోనే అరిచాడు, మరాఠీ మరిచిపోయి. పోలీసు చెయ్యి కర్ర మీద బిగిసింది. అప్పుడు తెర వెనక నుంచి చిన్నమ్మ గొంతు వినబడింది.

"ఎవడు ఆడు? నిమ్మలంగ ఒంటికి గూడ పోనియ్యడా?"

పోలీసు చెయ్యి వదులైంది. మొహం తిప్పేసుకున్నాడు. వీపు మా వైపు పెట్టి నిలబడి, మా యాసకు కొంచెం తేడాగా ఉన్న తెలుగులో, "పెద్దమ్మా, నిదానంగ రా. మేం గూడ తెలుగోల్లమే" అన్నాడు. సోలాపూర్‌లో తెలుగువాళ్లు వీధికొకరుంటారని మరిచేపోయాం. ఆమె బయటికొచ్చేదాకా అట్లాగే నిలబడి, పోతూ పోతూ కాకను పక్కకు పిలిచి ఆ కుర్చీ ఎట్లా చేశావని అడిగాడు. వాళ్లమ్మకు కావాలట. కాక చెవి మీది పెన్సిల్ తీసి సిగరెట్ పెట్టె అట్ట మీద కొలతలు వేసిచ్చాడు.

బండి కదిలాక చిన్నమ్మే చెప్పింది, నేను అడగకుండానే. తొమ్మిదేళ్ల కిందట గర్భసంచి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఆగదు. ఆ ఏడే ఊరికి బస్సులో పోతుంటే డ్రైవరును ఆపమని రెండుసార్లు అడిగింది, ముందు హోటల్ వస్తుందన్నాడు. హోటల్ వచ్చేసరికి చీర తడిసిపోయింది. పక్క సీటు మనిషి లేచి ముక్కు మూసుకుని నిలబడ్డాడు. ఊరు వచ్చేదాకా కొంగు నడుముకు చుట్టుకుని కూచుంది. "డాక్టరు పిల్లలకు గట్టినట్టు గట్టుకొమ్మన్నడు. సచ్చినా గట్టుకోనన్న. ఇగ మీ కాక ఏం జేస్తడు?" అని, డ్రైవరు వైపు కిటికీ తెర కొంచెం జరిపి ముందు తోలుతున్న ఆయన వీపు వైపు చూసింది.

ఊళ్లో బండిని వెనక్కి తోలి అక్క ఇంటి గుమ్మానికి ఆనించాడు. చిన్నమ్మ దిగుతూనే అక్క మంచం మీద పడింది. ఇద్దరూ ఎంతసేపు ఏడ్చారో నేను చూడలేదు, పెరట్లోకి పోయాను. మర్నాడు అక్క తన కొడుకులను పిలిచి, తనను ఎత్తి బండిలో పెట్టమంది. మడత బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె తల తిప్పి గిన్నెలు చూసింది, అటక చూసింది, నల్లా విప్పించుకుని చెయ్యి తడుపుకుంది.

"మీ ఖోలీ గిట్లనే ఉంటదానే?"

"గిట్లనే ఉంటదక్కా. అచ్చం గిట్లనే."

"నలబై ఏండ్ల సంది బొంబాయి బొంబాయి అంటె ఏందో అనుకున్న. గింతేనా?"

ఇద్దరూ నవ్వారు. అక్కకు నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూ నవ్వింది. అక్కడున్న నాలుగు రోజులూ ఆమె బండి దిగనన్నది. చెల్లె పక్కనే, ఆ రెండడుగుల బల్ల మీద పడుకుంది. మేం తిరిగొచ్చిన నాలుగు నెలలకు పోయింది. అప్పుడు కూడా చిన్నమ్మకు కడసారి చూపు దక్కింది, ఆ బండిలో పోయే.

తిరుగు ప్రయాణంలో క్యాన్ కడిగింది కాకే. నేను పట్టుకోబోతే, "నా రోత నాది, నువ్వు దూరముండు" అన్నాడు. నాకు తెలిసిపోయిందని తెలిసి కూడా అదే మాట. తర్వాత ఒకరోజు టాక్సీ బావ గ్యాలరీలో మళ్లీ మోరీ కాక అని మొదలుపెడితే నా నోరు ఆగలేదు, నిజం చెప్పేయబోయాను. కాక నా ముంజెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "ఊకో బిడ్డా. నన్నంటె ఏం వోతది? నవ్వుతరు, వోతరు. గదే ఆమెనంటె మల్ల ఖోలీలకెల్లి బయటికొస్తదా?" అన్నాడు. అందుకని నోరు కుట్టేసుకున్నాను. మూడేళ్లు. నన్నెరిగిన వాళ్లకు అదెంత పనో తెలుస్తుంది.

ఆ తర్వాత కూడా ఆయన బండికి ఏదో ఒకటి చేస్తూనే ఉండేవాడు. మధ్యాహ్నం అన్నం తిని, స్క్రూ డ్రైవర్ జేబులో పెట్టుకుని దిగేవాడు. ఎక్కడానికి ఒక మెట్టు, మెట్టు పక్కన పట్టుకోను ఒక కమ్మీ, మోరీలో లేవడానికి గోడకు ఒక పిడి. ఇద్దరు ముసలాళ్లకు ఇన్ని పిడులెందుకని అడిగితే, "ఎవరన్న ఎక్కుతరేమో" అనేవాడు. ఎవరెక్కుతారో నేను అడగలేదు. ఆ పని చేస్తూ చేస్తూనే ఆ రోజు పడుకుని లేవలేదు.

దినాలనాడు గ్యాలరీలోనే బంతులు వేశాం. కూతుళ్లు వడ్డిస్తున్నారు. తిన్నాక అందరూ కాకను తలుచుకున్నారు. గిన్నెలు పడిన సంగతి చెప్పుకుని నవ్వారు. టాక్సీ బావ ఏడుస్తూనే నవ్వుతూ, "ఎంత సిగ్గు మనిషి! ఒంటికి పోను బండిల మోరీ గట్టుకున్నోడు ఈ బొంబాయి మొత్తంల మా కాకొక్కడే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆయన ఎప్పుడూ ప్రేమగానే అనేవాడు.

గుమ్మంలో కూచున్న చిన్నమ్మ, "ఊకోండ్రి" అంది. గట్టిగా ఏమీ అనలేదు. అందరూ ఆగారు.

"గా మోరీ ఆయనకు గాదు. నాకు. నాకు ఆగదు. పన్నెండేండ్ల సంది ఆగదు. ఆయనకు చక్కెర లేదు, ఏం లేదు. ఉత్తగ చెప్పిండు." ఒక్క గుక్కలో చెప్పి, కొంగు సరిచేసుకుంది. "మీరు నవ్వితె నన్ను జూసి నవ్వుండ్రి. ఆయనను జూసి నవ్వొద్దు."

 టాక్సీ బావ చేతిలో గ్లాసు కింద పెట్టాడు.  అప్పుడు చివరి ఖోలీ అవ్వ, ఎనభై ఏళ్ల మనిషి, బస్సులో నడుం పట్టేస్తుందని చెప్పి పదేళ్లుగా ఊరికి పోని మనిషి, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఆ బండి మల్ల ఎన్నడు పోతది?" అని అడిగింది.

తోలేవాడు లేడు కదా. చిన్నమ్మ నా వైపు చూసింది, నేను టాక్సీ బావ వైపు చూశాను. ఆయన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూచున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచి, గోడ కొక్కేనికి వేలాడుతున్న బండి తాళం తీసుకున్నాడు. "టైర్లల్ల గాలి జూసొస్త" అని మెట్లు దిగాడు.

ఇదంతా చిన్నమ్మ రాయమంటేనే రాశాను. రాసింది చదివి వినిపించాను కూడా. ఒక్కచోట ఆపి, ఆ తెర గుడ్డ ముదురు నీలం అని రాయమంది, నేను నలుపు అని రాశానట. దిద్దాను.

దినాల మర్నాడు పొద్దున నీళ్లు పట్టి, కిందికి దిగాను. బండి గల్లీ చివర ఎప్పటిలాగే ఉంది, టైర్లు నిండుగా ఉన్నాయి. వెనక మెట్టు దగ్గర నేల మీద ఆకుపచ్చ డబ్బా ఉంది. దాని వెనక చివరి ఖోలీ అవ్వ సొట్ట డబ్బా. దాని వెనక ఇంకో మూడు, ఎవరెవరివో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఊరికి పోయే వంతు కోసం నేనూ పైకి పోయి మా డబ్బా తెచ్చి ఆరోదిగా పెట్టాను. నాకు యాభై నాలుగు, ముగ్గురు పిల్లలు, అందరూ కాన్పులోనే నన్ను కష్టపెట్టి పుట్టినవాళ్లు; తుమ్మితే నాకూ ఆగదు. చీపురుతో గల్లీ ఊడ్చుకుంటూ వచ్చిన మనిషి బండి దగ్గర ఆగాడు, వరస చూశాడు, ఒక్క డబ్బా కూడా కదపకుండా చుట్టూ ఊడ్చి ముందుకు పోయాడు.